పాడితేనే వచ్చే మాట

సంతోష్‌నగర్‌లో ఉండే డానియేలు కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. మాటకారి. స్తంభం మీద పని చేస్తూ కూడా కింద ఉన్నవాళ్లతో లొల్లి పెట్టుకునేవాడు. అరవై మూడో ఏట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, దాంతోపాటే మాటా పోయింది. ఎదుటివాళ్లు చెప్పేది అర్థమయ్యేది. జవాబు మాత్రం నాలుక దాకా వచ్చి ఆగేది. ఒకే ఒక్క ముక్క స్పష్టంగా పలికేది: "నీయవ్వ."

నీళ్లు కావాలన్నా అదే, దుప్పటి కావాలన్నా అదే. ప్రార్థన చెయ్యడానికి ఆసుపత్రికి వచ్చిన పాస్టరు ఆమెన్ అనగానే, డానియేలు భక్తిగా కళ్లు మూసుకొని అదే అన్నాడు. భార్య బేబీ కొంగులో మొహం దాచుకుంది. ఆమె భుజాలు అదురుతుంటే ఏడుస్తోందనుకొని పాస్టరు చాలాసేపు ఓదార్చాడు.

ఇంటికొచ్చాక మొదటి ఆదివారం చర్చికి తీసుకెళ్లారు. కీర్తన అందుకోగానే డానియేలు నాలుగు చరణాలూ పొల్లుపోకుండా పాడాడు. అందరూ అద్భుతం అన్నారు. పాట అయ్యాక బేబీ "నా పేరేంది?" అనడిగింది. మళ్లీ పాత ముక్కే వచ్చింది.

మాట నేర్పడానికి ఇంటికి వచ్చే సుచరితది కాకినాడ. ఇందులో వింతేం లేదని ఆమె బేబీకి విడమరిచి చెప్పింది. చాలామందికి మాటలు పేర్చే పని మెదడు ఎడమ సగానిది, దెబ్బ అక్కడే తగిలింది. రాగం పట్టడంలో పెత్తనం ఎక్కువగా కుడి సగానిది, అది క్షేమంగా ఉంది. నోటికి అలవాటైన తిట్టుకు పేర్చుకునే పని లేదు కాబట్టి అదీ వేరే దారిన బయటపడుతోంది. ఇక కుడి సగాన్నే బతిమాలుకోవాలని, ఆయన ఎడమచేత్తో బల్ల మీద తాళం వేయిస్తూ "నీళ్లు కావాలె" అని రాగం తీయించింది. వారంలో వచ్చేసింది.

అక్కణ్నుంచి ఏం చెప్పాలన్నా పాటే, గల్లీకంతా తెలిసింది. ఉప్పు తగ్గించమన్నది డాక్టరు. డానియేలు మాత్రం వాకిట్లో కుర్చీ వేసుకొని, సమాధుల దగ్గర పాడే రాగంలో, బేబీ కూరల్లో ఉప్పు లేదని పాడేవాడు. పక్కింటి యశోద జాలిపడి గోడ మీంచి మామిడికాయ తొక్కు అందించింది. బేబీ గొణుక్కుంటూ వచ్చి ఆయన పక్కన కూర్చునేది. పాట అయ్యేదాకా లేచేది కాదు.

నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం సుచరిత గేటు తీస్తుంటే లోపల్నుంచి ఆయన గొంతు వినిపించింది. బార్కస్‌లో ఉండే పాత దోస్తు సాలెంతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. మాటకూ మాటకూ మధ్య ఎడం ఉంది గానీ రాగం లేదు. అరబ్బుల మాంసం అన్నం, మటన్ మండీ తెమ్మంటున్నాడు, బేబీకి చెప్పొద్దంటున్నాడు.

సుచరితకు సంతోషం, కోపం కలిసి వచ్చాయి. ఎన్నాళ్లుగా మాట వస్తోందని నిలదీసింది. ఇరవై రోజులన్నాడు, తల దించుకొని.

"మరి ఇంకా పాడటం దేనికండీ?"

ఆయన వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "నలభై ఏండ్లు... మాట్లాడిన. ఒక్కనాడు ఇన్లే. పాడితే... వచ్చి కూసుంటది."

బేబీ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. ఆయన రాగం లేకుండా, మాట మీద మాట పేర్చి పిల్లిని తిట్టడం తను పదిహేను రోజుల కిందటే విన్నానని చెప్పింది.

"తెలిసి కూడా ఊరుకున్నారా?" అంది సుచరిత.

"మాట్లాడితే ఉత్త లొల్లి మేడం. పాడితే లొల్లి గూడ మంచిగుంటది. ఇంకొన్ని రోజులు పాడనీ అనుకున్న."



గంట తర్వాత సాలెం పొట్లంతో వచ్చాడు. తలుపు తీసింది బేబీయే. పళ్లెంలో అన్నం గుమ్మరించి, పెద్ద బొక్క తన ముందు పెట్టుకొని, సుచరితకూ సాలెంకూ మెత్తటి ముక్కలు వేసి, మొగుడి ముందుకు రెండు చెంచాల అన్నం జరిపింది. ముక్క కావాలని డానియేలు మామూలు గొంతుతో రెండుసార్లు అడిగాడు. ఆమె వినబడనట్టే బొక్క చీకుతూ కూర్చుంది.