దగ్గులు కోసేసిన ఇంటర్వ్యూ

మా అక్క మొగుడు, మా బావ దగ్గుతుంటే చూడలేను. అందుకే అతని ఇంటర్వ్యూలోంచి దగ్గులన్నీ ఏరి పారేశాను. అతితెలివి అంటే ఇదే.

బావ సిటీ బస్సు డ్రైవరు. బ్రేకులు పడక బస్సు జనం మీదికి దూసుకుపోయింది. తాగి నడిపాడని కంపెనీ కేసు పెట్టింది. బ్రేకులు బాగాలేవని డిపోలో ముందే చెప్పానని, నేను ఎడిటింగ్ చేసే ఛానల్‌లో బావ చెప్పాడు. ఆ మాట ఎవరూ నమ్మకపోతే బావకి జైలే.

ప్రసారానికి ముందు ఒకసారి వేసి చూస్తే నా తప్పు బయటపడింది. బొమ్మలో దగ్గుల్ని కోసేసిన నేను, ఆడియోలో మాత్రం కొయ్యకుండా శబ్దం ఆపేసి ఊరుకున్నాను. ఒక్కో కోతకీ గొంతు ఇంకాస్త వెనకబడింది. అసలు మాట దగ్గరికొచ్చేసరికి బావ నోరు మూసుకుని ఉన్నాడు, గొంతు బ్రేకుల గురించి చెబుతోంది.

వెనక నిలబడ్డ ప్రోగ్రాం ఇన్‌చార్జి పళ్ళు నూరాడు.

"గొంతు ఎవరిదో తెచ్చి అతికించారంటారు లాయర్లు. మొహం కనబడకుండా బస్సు బొమ్మలు వేసెయ్."

"అప్పుడు ఇంకా గట్టిగా అంటారు సార్. దగ్గులతో సహా మొత్తం వేసేద్దాం. ఒక్క కోత కూడా ఉండదు."

"నిడివి మించిపోతుంది తల్లీ."

"మీ ముందుమాట తీసేస్తే సరిపోతుంది."

ఆయన కొరకొర చూశాడు. పాపం, దానికోసం కొత్త చొక్కా వేసుకొచ్చాడు. నేనప్పటికే తీసేశాను.

అసలు రికార్డింగు తెచ్చి పెట్టాను. గొంతూ బొమ్మా కలుస్తున్నాయో లేదో బావ బల్ల మీద కొట్టిన చోట చూశాను. చెయ్యి తగలడం, చప్పుడు రావడం ఒక్కసారే. అవతల స్టూడియోలో యాంకర్ దీనికి ముందున్న వార్త ముగిస్తోంది. ప్రసారానికి పంపేశాను.

తెర మీద బావ దగ్గాడు. మాట మధ్యలో ఆగి, వంగిపోయి దగ్గాడు. ఇంట్లో అక్క చూస్తూ ఉంటుందని తలుచుకుంటే నాకు ఏడుపాగలేదు.

కార్యక్రమం అయ్యీ అవ్వకుండానే ఫోను మోగింది.

"డిపో మెకానిక్కుని. నా పేరు బయటికి రాకూడదు."

"చెప్పండి."

"ఆ రోజు కూడా ఇలాగే దగ్గుకుంటూ చెప్పాడమ్మా, బ్రేకుల సంగతి. ముందు నీ దగ్గు సంగతి చూసుకోవయ్యా అని నవ్వి పంపేశాను."

ఆ మాటలు పొల్లుపోకుండా కాగితం మీద రాసుకున్నాను.

"సరే, నా పేరు రాసుకోండి" అన్నాడు.