మూడు కండ్ల ఫోను

మా పురుగుల గదిలో పరాయి కన్ను పడకూడదు. అది మా అత్త పిల్లమ్మ పెట్టిన చట్టం. టేకల్ దగ్గర మా ఊళ్లో పట్టుపురుగులు పెంచే ఇళ్లలో పక్కింటివాళ్లైనా గడప బయటే నిలబడి మాట్లాడిపోవాలి.

అత్త కూతురు, నా ఆడబిడ్డ మాల బెంగళూరులో పరిశోధన చేస్తోంది. ఫోటో చూసి పురుగుకు రోగముందో లేదో చెప్పేలా కంప్యూటరుకు నేర్పుతోంది. వచ్చిన ప్రతిసారీ, పోయినసారి చేసింది అప్పుడే పాతబడిపోయిందని మొత్తుకుంటుంది.

"మా పురుగే నయం. నాలుగు నిద్రలు పోయి, పొరలు విడిచి లేచేదాకా అదే పురుగు," అంటుంది అత్త.

ఈసారి మాల ఉరుకులు పరుగుల మీద వచ్చింది. మా పురుగుల మీద చివరి పరీక్ష చేసి సాయంత్రంలోగా పరిశోధన పేపరు పంపాలి. ఆలస్యమైతే ఇంకెవరో ముందు వేసేస్తారట. గబగబా రాగిముద్ద మింగి, ఫోను పట్టుకుని గదిలోకి దూరింది. కాసేపటికి ఏడుపు మొహంతో బయటికొచ్చింది.

"అమ్మా, అన్నిటికీ రోగమే అంటా ఉండాది! మొత్తం కాల్చేయాల!"

అత్త గుండెలు బాదుకుంది. నాకు ఒళ్లు మండింది. పొద్దున ఆకు వేసింది నేను. కరకరా తినేసిన పురుగులకు రోగమేంటి?

"వదినా, ఆ ఫోను అత్తకు చూపించు. ఏమంటాదో చూద్దాం."

మాల విసుగ్గా ఫోటో తీసింది. గదిలో చీకటి వల్లే మసక అనుకుందట గానీ, బయటా ఫోటో మసకగానే వచ్చింది; అత్తకూ రోగమేనంది కంప్యూటరు. అప్పుడు గానీ మాల ఫోను వెనక్కి తిప్పి చూడలేదు. మూడు కెమెరాల మీదా కాటుక!

"నువ్వు తింటా ఉంటే నేనే పెట్టినాను," అంది అత్త. "మూడు కండ్లేసుకొని చూస్తాదే, దిష్టి తగలదా? ఇన్ని పురుగులకు యాడ చుక్కలు పెట్టేది? దాని కండ్లకే పెట్టేసినాను."

నవ్వలేక నాకు కడుపు నొప్పి వచ్చింది. మాల నా కొంగుతో తుడిచి మళ్లీ ఫోటోలు తీసింది. పురుగులన్నీ బాగున్నాయి. పేపరు పంపబోతూ అలాగే ఉండిపోయింది. ఎక్కడో ఎవరో అదే పని చేసి, ఆ మధ్యాహ్నమే బయటపెట్టేశారు. మాల నిజంగానే ఏడ్చింది. నాకు చాలా జాలేసింది.

మాల వీపు నిమిరింది అత్త. "చుక్క తుడిచేస్తివి. ఇంగ దిష్టి తగలకుండా ఉంటాదా?"

కెమెరాకు మరకంటినా మోసపోని కంప్యూటరును తయారు చేస్తానని మర్నాడు బస్సెక్కుతూ మాల నాతో చెప్పింది. ఆమె చేతిలో ఫోను చూశాను. కెమెరాలు తళతళలాడుతున్నాయి. వాటి పక్కన, అంచున, అప్పుడే పెట్టిన కాటుక చుక్క ఉంది. అత్త పొద్దున్నే తోటకు పోయింది కాబట్టి, అది పెట్టుకున్నది మాలే.