అవ్వకొప్పుకు నీడ

ఎండ పిట్టగోడ దాటకముందే ఆంజనమ్మ మేడమీది చిన్న కుండీకి వెదురు జల్లెడను ఏటవాలుగా ఆనించింది. కుండీలో ఉన్నది నిమ్మకాయంత కాక్టస్. తెల్లని ముళ్ళు దారాల్లా అల్లుకుని ఒళ్ళంతా కప్పేశాయి. ఆమె దానికి అవ్వకొప్పు అని పేరు పెట్టుకుంది.

పాప అక్షర ఉయ్యాలలో ఉన్నప్పుడు ఆమె తండ్రి కృష్ణప్రసాద్ దాన్ని నర్సరీ నుంచి బఠాణీ గింజంత మొలకగా తెచ్చాడు. పాపను చూసుకోవడానికి ఆంజనమ్మ రాయచోటి నుంచి గల్ఫ్ దేశానికి, అల్ తుమామాలోని ఈ ఇంటికి వచ్చిందీ అప్పుడే. మెక్సికోలో కొన్ని సున్నపురాతి గుట్టల మీద తప్ప అది మరెక్కడా తనంతట పుట్టదనీ, అక్కడ మొలకను ఏదో ఒక పొద తన నీడన కాస్తుందనీ ఆయన చెప్పాడు. ఆ పొద పనిని ఆమె తన పెట్టెలో వచ్చిన జల్లెడకు అప్పగించింది.

"అది పెద్దదైంది ఆంజనమ్మా. ఈ చలికాలపు ఎండకు నీడెందుకు?" కాఫీ కప్పుతో పైకి వచ్చిన కృష్ణప్రసాద్ అన్నాడు.

"పెద్దదయినాక ఆ పొద ఏమయితాది సార్?"

"కాలం తీరి ఎండిపోతుంది. ప్రకృతి అంతే."

"అంటే దానికీ వీసా అయిపోతాదన్నమాట!"

ఆమె నవ్వింది. ఆయన కప్పులోకి చూశాడు. పాప పెద్దదైంది, ఇక ఆయా అక్కర్లేదని ఇంట్లో అనుకున్నారు. సాయంత్రం ఆమెకు విమానం. రాయచోటిలో అక్క కూతురు ఓ మూల ఇస్తానంది.

బడి బస్సు దగ్గర నీళ్ళ సీసా అందించబోతే అక్షర లాక్కుంది.

"అంజమ్మా, అందరూ చూస్తున్నారు! నేనేమైనా ఎల్‌కేజీనా?"

"కాదులే తల్లీ. బడి వదలంగానే బిన్నా వచ్చేయి. జల్లెడ ఎట్ల పెట్టాల్నో చూపిస్తా."

"సరే, సరే."

ఆంజనమ్మ మధ్యాహ్నమంతా బస్సు చప్పుడు కోసం మెట్ల మీద కూర్చుంది. బస్సు వచ్చి, ఆగకుండానే వెళ్ళిపోయింది.

"దానికి డాన్సు ప్రాక్టీసుందట. వీడియో కాల్ చేస్తుందిలే," అంటూ అక్షర తల్లి అరుంధతి జల్లెడను తెచ్చి ఆమె పెట్టెలో సర్దింది. "ఇదీ నీదే కదా."

కిందనుంచి డ్రైవర్ రామాంజులు హారన్ కొట్టాడు. "యల్లా, బయల్దేరక్కా! ఫ్లైటేమన్నా నీకోసం నిలబడ్తాదా?"

"వస్తాండా నాయనా."

ఆమె పెట్టె తెరిచి జల్లెడ తీసుకుని మేడెక్కింది. తెల్లని కొప్పును వేలికొసతో తాకింది. ఆ ముళ్ళు గుచ్చుకోవు. జల్లెడను ఆనించి, జారకుండా ఓ రాయి అడ్డం పెట్టి, కిందికి దిగింది. కారు వెళ్ళిపోయింది.

రోజూ పొద్దు వాలగానే జల్లెడను తీసి వంటింటి మేకుకు తగిలించేది ఆమే. ఆ సాయంత్రం జల్లెడ కుండీ దగ్గరే ఉండిపోయింది. విరిగిన అంచుకు ఆమె చుట్టిన పాతచీర పీలిక గాలికి మెల్లగా కదులుతోంది.