భూమవ్వ దంచిన పొడి

నా భార్య చేతి చివరి వస్తువును హయాత్ బాషా చేను మీద కొట్టేశాడు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

అల్ ఐన్‌లో మాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, అంటే మా కఫీల్, తోటలో కలోంజి అనే నల్లజీలకర్ర వేస్తాం. దాని నల్లటి గింజల నుంచి మందు నూనె తీస్తారు. చావుకు తప్ప అన్నిటికీ మందేనని బాషా అంటాడు. అతను కడప మనిషి, నాకు మేస్త్రీ. ఇద్దరిదీ ఒకే గది. పూతకు ముందు మునగాకు రసం నీళ్లలో కలిపి మొక్కల మీద కొడతాం. కాయ నిండుగా కడుతుంది. గట్టున మునగచెట్లున్నాయి. ఈ సంగతి జరిగిన చలికాలం అవి ఆకంతా రాల్చేసి, రసానికి ఆకు లేకుండా పోయింది.

అంతకుముందు ఏడాది నా భార్య భూమవ్వ నా మోకాళ్ల నొప్పులకని మునగాకు నీడలో ఎండబెట్టి, దంచి, మా ఊరి మల్లేశ్ చేత పంపింది. ఇక్కడా చెట్లున్నాయని చెప్పినా వినలేదు. ఆ ఎండాకాలమే కరోనాతో పోయింది. విమానాలు లేవు. కాష్టం ఫోన్‌లో చూశాను. ఆ తర్వాత పొడి తాగలేదు. సంచి మూతి విప్పి, వాసన చూసి, మళ్లీ కట్టేసేవాణ్ణి.

ఒక సాయంత్రం పని నుంచి వచ్చేసరికి ఆ సంచి ఖాళీగా బకెట్ పక్కన పడి ఉంది.

"నా పొడేది?"

"కొట్టేసినా అన్నా. పూతకొస్తా ఉంది. ముదీర్ పొద్దున్నుంచి యల్లా యల్లా అని నెత్తిన కూసున్నాడు." ముదీర్ అంటే తోట మేనేజరు, యల్లా అంటే కానియ్ అని.

"నన్నడిగినవా?"

"అడిగితే ఇస్తావా? పురుగు పట్టిందని రెండుసార్లు చెప్తి. మన్నుపాలయ్యేదానికంటే, వదినె పేరు మీద నాలుగు గింజలు కాస్తాయి గదా."

"దాని పేరు నువ్వు తియ్యకు."

"అట్లంటే ఎట్లన్నా..."

"ఖలాస్."

చేనులోకి వెళ్లాను. ఆకుల కొసల నుంచి పచ్చటి బొట్లు జారుతున్నాయి. వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. మందు ఆకుకు పట్టుకోవాలని అందులో సబ్బునీళ్లు కలుపుతాం. సబ్బు రుచే తగిలింది.

పంట బాగా వచ్చింది. ముదీర్ వచ్చి బాషా భుజం తట్టాడు. బాషా నన్ను చూపించి, ఇదంతా ఇతని భార్య మందు అని హిందీలో చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను గది మారిపోయాను.

పోయిన శుక్రవారం అతను బిర్యానీ పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మాట్లాడన్నా. తిట్టాలనుంటే తిట్టు."

తలుపు వేశాను. ఆ సంగతి అతనితో మాట్లాడను. ఇంకెవరితోనూ మాట్లాడను. నన్ను అడగకండి.