చెంచాడు రుచి

మడమ మీది పుండు నెలలోపు మానకపోతే పాదం తీసేయాల్సి వస్తుందని డాక్టరమ్మ చెప్పిన రోజు, బేకరీ మాస్టరు ఇంటికొచ్చి గోడకేసి చూస్తూ కూర్చుండిపోయాడు. ముప్పై ఏళ్లుగా పొయ్యి ముందు నిలబడి బతికిన మనిషి. కూర్చుని చేసే పని ఒక్కటీ రాదు.

పోనీ పథ్యం తప్పాడా అంటే, అదీ లేదు. రెండు నెలలుగా భార్య పెట్టిందల్లా తిన్నాడు. ఉడికించిన బీన్సు, పొట్టు తీయని గోధుమల రొట్టె, పచ్చి క్యారెట్లు, ఆకులు, మళ్లీ ఆకులు. ఏది నోట్లో పెట్టుకున్నా తడిసిన అట్టముక్క నమిలినట్టే ఉండేది.

"నన్ను కొట్టంలో కట్టేసి ఇంత తవుడు పడేస్తే నీకు వంట శ్రమైనా తప్పుతుంది కదే" అని విసుక్కుంటూనే గిన్నె ఖాళీ చేసేవాడు. ఆయనకు తోడుగా ఆవిడ కూడా కాఫీలో చక్కెర మానేసింది. ఇంత చేసినా ఆయన రక్తంలో చక్కెర దిగిరానని మొండికేసింది.

"నిజం చెప్పండి. దుకాణంలో చాటుగా ఏమైనా తింటున్నారా?"

"నీ మీద ఒట్టు. ఒక్క కేకు ముక్క ముట్టలేదు."

ఆయన అబద్ధమాడే మనిషి కాదని ఆవిడకు తెలుసు. అందుకే మరింత భయమేసింది. దొంగతిండి దొరికితే మాన్పించవచ్చు. తినని మనిషితో ఏం మాన్పించాలి?

మర్నాడు ఆయన వెంటే బేకరీకి వెళ్లి ఓ మూల స్టూలు వేసుకుని కూర్చుంది. మాస్టరు జేబులోంచి స్టీలు చెంచా తీశాడు. వెన్నా చక్కెరా గిలక్కొట్టిన ముద్దలో ముంచి నోట్లో పెట్టుకున్నాడు. "తీపి ఇంకాస్త పడాలి" అన్నాడు. పడ్డాక ఇంకో చెంచా. తర్వాత క్రీము. తర్వాత పాకం. ఉమ్మేస్తే లాభం లేదు, గొంతు దిగితేగాని తీపి తేలదని ఆయన నమ్మకం. రెండో మాస్టరు కలిపిన ప్రతి గిన్నే ఆయన ముందుకు రావాలి, ఆయన తల ఊపాలి. ఆ దుకాణంలో అదే పద్ధతి.

ఆవిడ స్టూలు మీంచి లేచింది. ఒక గాజు గిన్నె తీసుకుని, ఆయన మింగిన ప్రతి చెంచాకీ అందులోంచే మరో చెంచా తీసి గిన్నెలో వేస్తూ వచ్చింది. మధ్యాహ్నానికి గిన్నె నిండింది. తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఏంటిది?"

"పొద్దుట్నుంచీ మీరు తిన్నది."

"తినడమేంటే? రుచి చూశానంతే!"

అనేశాక గిన్నెకేసి చూశాడు. పక్కనున్న పిండిబస్తా మీద కూలబడ్డాడు. ముప్పై ఏళ్లలో ఆ చెంచాను ఎవరూ తిండి అనుకోలేదు. డాక్టరమ్మ ఏమేం తింటారని అడిగినప్పుడు ఆయనకు గుర్తుకైనా రాలేదు.

"నీ మీద ఒట్టేశానే" అని ఏడ్చాడు. అందరి ముందూ, ఏ సిగ్గూ లేకుండా ఏడ్చాడు.

ఆ రోజే చెంచా రెండో మాస్టరు చేతిలో పెట్టేశాడు. చక్కెర దిగడం మొదలుపెట్టింది. పుండు మాత్రం వీళ్ల కోసం ఆగలేదు. నెల తిరిగేసరికి ఎముక దాకా పోయింది. పాదం తీయక తప్పదు, ఆపరేషను రేపు పొద్దున అని డాక్టరమ్మ చెప్పేసింది.

సాయంత్రం ఆసుపత్రి మంచం మీద ఆయనకు క్యారెట్ ముక్కలు పెట్టింది ఆవిడ. అలవాటుగా మొహం చిట్లించి ఒకటి కొరికాడు. నములుతూ నములుతూ ఆగిపోయాడు. ఇంకోటి తీసుకున్నాడు.

"ఎక్కడ కొన్నావే ఇవి? ఎంత తియ్యగా ఉన్నాయో!"

"ఎప్పుడూ కొనే చోటే."

"మొదట్లోనే ఇలాంటివి తెచ్చుంటే నేను ఇష్టంగా తినేవాణ్ణి కదా!"

ఆవిడ దుప్పటి మీంచి ఆయన పాదాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"అప్పుడూ ఇలాగే ఉన్నాయండీ" అంది.