నాడెకు నచ్చిన రిసార్టు

ట్రావెల్స్ ఆఫీసులో అమ్మాయి కంప్యూటరు తెరను ఎదురుగా కూర్చున్న ఇద్దరు పెద్దవాళ్ళవైపు తిప్పి సముద్రం చూపిస్తోంది. ఆ సముద్రం ఎంత నీలంగా ఉందంటే, అద్దకం పనివాడెవడో పరధ్యానంలో రంగు డబ్బా మొత్తం వంపేసినట్టుంది.

"అంకుల్, ఇది ఆల్ ఇన్‌క్లూజివ్. లోపలికి అడుగు పెట్టగానే చేతికి ఒక పట్టీ కడతారు. ఇక తిండి, జ్యూసులు, ఐస్‌క్రీములు, ఈతకొలను, పడవ షికారు, అన్నీ అందులోనే. ఎన్నిసార్లు తిన్నా ఎవరూ ఏమీ అనరు."

"పుట్టినప్పుడు ఆస్పత్రిలో కట్టారమ్మా నాకు అలాంటి పట్టీ," అన్నాడు మేస్త్రీ. "అప్పుడూ ఇదే వరస. నోరు తెరిచి ఏడిస్తే చాలు, పాలు వచ్చేవి. మళ్ళీ ఇన్నాళ్ళకి ఆ భోగం పడుతోంది."

అమ్మాయి పకపకా నవ్వింది. పక్క కుర్చీలో ఉన్న నాడె కూడా నవ్వాడు. కాకపోతే ఆ పిల్ల నవ్వడం చూశాక నవ్వాడు. మేస్త్రీ అది గమనించి, గమనించనట్టు తెరవైపు తిరిగాడు.

ఇద్దరూ ఒకే మగ్గాల షెడ్డులో జుట్టు నెరిసేదాకా పనిచేసినవాళ్ళు. మేస్త్రీ కరెంటు మగ్గాలు బాగుచేసేవాడు. మోకాళ్ళు మొరాయించాక ఆ పని మానేసి బజారులో మగ్గాల విడిభాగాల కొట్టు పెట్టుకున్నాడు. నాడె నేతగాడు, ఇంకా షెడ్డులోనే ఉన్నాడు. మగ్గంలో దారం మోసుకుని ఇటూ అటూ పరుగులు తీసే నాడె లాగే వీడికీ కాలు ఒకచోట నిలవదు. అందుకే ఆ పేరు. కట్టుకున్న పెళ్ళాం కూడా కోపం వస్తే "ఇదిగో నాడే!" అనే పిలుస్తుంది.

ఏళ్ళ తరబడి సాయంత్రం షెడ్డు వదలగానే నాడె తిన్నగా మేస్త్రీ కొట్టుకే వచ్చేవాడు. బోర్లించిన నూనె డబ్బా మీద కూర్చుని లోకంలో ఉన్నవాళ్ళందర్నీ వరసపెట్టి ఉతికేవాడు. యజమాని పొట్టనీ, బావమరిది పిసినారితనాన్నీ, మేస్త్రీ మొహాన్నీ దేన్నీ వదిలేవాడు కాదు. కొట్టుకు వచ్చిన బేరగాళ్ళు కొన్నది చేతిలో పట్టుకుని వాడి మాటలు వింటూ అక్కడే నిలబడిపోయేవాళ్ళు.

ఈమధ్య ఆ వరస మారింది. వస్తాడు, కూర్చుంటాడు, ఏం చెప్పినా "ఊ" అంటాడు. టీ తాగేసి "పనుంది" అని లేచిపోతాడు. చెవులు మందగించాయని మేస్త్రీకి అర్థమైంది. అన్నేళ్ళు ఆ మగ్గాల మోతలో ఉన్నాక చెవులు మాత్రం ఏం చేస్తాయి పాపం. ఒకసారి అడిగి చూశాడు. "నా చెవులు బాగానే ఉన్నాయి, నీ గొంతే అరిగిపోయింది" అని కసిరాడు నాడె.

మేస్త్రీ పుట్టుకతోనే కొంటెవాడు. ఒకరోజు కావాలనే పెద్ద కథ ఎత్తుకున్నాడు. "మొన్న సంతకి వెళ్ళానురా. తీరా చూస్తే అక్కడ సంత లేదు. ఇంటికొచ్చేశాను." అంతే, కథ అయిపోయింది. నాడె మేస్త్రీ మొహం చూశాడు, ఇక్కడ నవ్వాలి కాబోలు అనుకున్నాడు, తొడ చరిచి మరీ పెద్దగా నవ్వాడు. ఎన్నో వేళాకోళాలు చేసిన మేస్త్రీకి ఇది మాత్రం నోట్లో చేదుగా తగిలింది. ఆ రోజు కొట్టు పెందలాడే కట్టేశాడు.

ఇలా వదిలేస్తే వీడు నాకు దక్కడు అనుకున్నాడు. ఎదురుగానే ఉంటాడు కానీ ఉండడు. ఎక్కడికైనా తీసుకుపోవాలి. బజారు గోల, పిల్లల గోల, హారన్ల గోల లేనిచోటికి. పక్కపక్కన కూర్చుని మెల్లగా, మాట వెనక మాట వాడి చెవిలో వేయాలి. సముద్రం చూడాలని ఇద్దరికీ కుర్రతనం నుంచీ ఉండనే ఉంది. మేస్త్రీ భార్య అయితే, "వెళ్ళండి వెళ్ళండి, ఇల్లు కాస్త ఊపిరి పీల్చుకుంటుంది" అని సంచీ కూడా సర్దిపెట్టింది.

"అమ్మాయ్," అన్నాడు మేస్త్రీ, "చీమ నడిస్తే వినపడేంత ప్రశాంతంగా ఉండేది చూపించు."

"అయితే ఇది చూడండి. పెద్దవాళ్ళకు మాత్రమే. పాటలు పెట్టరు, ఫోన్లు మోగనివ్వరు. భోజనాల దగ్గర కూడా అందరూ మెల్లగా మాట్లాడుకుంటారు. చాలామంది పుస్తకాలు చదువుకోవడానికి వస్తారు అంకుల్."

తెర మీద తెల్లటి పరుపులు, తెల్లటి గొడుగులు, తెల్లటి బట్టల్లో పుస్తకాలు పట్టుకుని మెల్లగా నడిచే మనుషులు. "చచ్చాక వెళ్ళే చోటులా ఉంది," అన్నాడు మేస్త్రీ, "అయినా బాగుంది. ఏరా నాడే, ఖాయం చేద్దామా?"

నాడె తల ఊపలేదు. వేలు చాపి తెర మీద కింద మూలన ఉన్న ఇంకో బొమ్మ చూపించాడు. అందులో నురగలో మునిగిపోయిన జనం చేతులెత్తి గెంతుతున్నారు. వెనకాల బీరువాలంత స్పీకర్లు.

"అది కుర్రాళ్ళు వెళ్ళేది అంకుల్," అంది అమ్మాయి. "పొద్దున్నే కొలనులో డాన్సులు, మధ్యాహ్నం పోటీలు, సాయంత్రం డప్పులు, ఆ తరవాత డీజే. చెవులు చిల్లులు పడతాయి."

నాడె ఆ మాటలు వినలేదు. బొమ్మే చూస్తూ, "ఇదే," అన్నాడు.

"ఒరేయ్, నీ వయసెంత, నీ నడుమెంత? నువ్వు నురగలో గెంతితే సబ్బు అనుకుని ఎవడో నీతో ఒళ్ళు రుద్దుకుంటాడు."

"ఇదే," అన్నాడు నాడె మళ్ళీ.

అమ్మాయి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ప్రశాంతంగా ఉండేదానిలో గది రేపటిదాకా ఆపి ఉంచుతానంది. రోడ్డు మీదకు వచ్చాక మేస్త్రీ స్నేహితుడి భుజం పట్టుకుని ఆపాడు. మొహంలో మొహం పెట్టి గట్టిగా అడిగాడు.

"ఏంట్రా నీ మొండిపట్టు? అంత గోలలో ఏం మాట్లాడుకుంటాం?"

"మాట్లాడుకోవడానికి సముద్రం దాకా ఎందుకు? నీ కొట్టు లేదూ?"

"కొట్టుకొచ్చి నువ్వు మాట్లాడి చచ్చావు గనకనా!"

నాడె మొహం ముడుచుకుపోయింది. "అయితే నువ్వొక్కడివే పో. ఆ తెల్లబట్టలవాళ్ళ పక్కన కూర్చుని పుస్తకం చదువుకో. నన్నొదిలెయ్." భుజం విదిల్చుకుని, ఎదురొచ్చే సైకిళ్ళ మధ్యలోంచి విసవిసా నడిచి వెళ్ళిపోయాడు.

మేస్త్రీకి ఆ పూట అన్నం సహించలేదు. నాతో కూర్చుని మాట్లాడటం ఇష్టంలేకే డీజే వెనక దాక్కుంటానంటున్నాడా అని మనసులో ముల్లు గుచ్చుకుంది.

మర్నాడు పొద్దున నాడె ఇంటికి వెళ్ళాడు. వాడు అప్పటికే పనికి వెళ్ళిపోయాడు. వాడి భార్య వాకిట్లో కుర్చీ వేసింది.

"చూశావా చెల్లెమ్మా, మీ ఆయన నిర్వాకం?"

"చూడ్డానికేముంది అన్నయ్యా, రోజూ చూస్తున్నదేగా. చెవి మిషను కొన్నాం. ఒక్క పూట పెట్టుకున్నాడు. గరిటె కిందపడితే ఇల్లు కూలిందని వీధిలోకి పరిగెత్తాడు. ఆ మిషను ఇప్పుడు చక్కెర డబ్బాలో ఉంది, చీమలకి పాటలు వినిపిస్తోంది." నవ్వబోయి ఆపుకుంది. "చుట్టాలొస్తే పెరట్లోకి పోతాడు. ఏదైనా అంటే తల ఊపుతాడు. మొన్న మనవరాలు ఏదో అడిగితే ఊపాడు. నాలుగోసారి అడిగినా ఊపేసరికి అది ఏడ్చింది. ఆ రోజు నుంచి దాని దగ్గర కూడా కూర్చోవట్లేదు."

మేస్త్రీ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"షెడ్డుకి సెలవు పెట్టమంటే మాత్రం పెట్టడు," అందామె. "జ్వరంలో కూడా పోయాడు. అక్కడ మాత్రం తెగ వాగుతాడట. పక్క మగ్గం అబ్బాయి చెప్పాడు. ఒకసారి వెళ్ళి చూడండి అన్నయ్యా, ఆ వాగుడేదో నాకూ చెబుదురు గాని."

మేస్త్రీ షెడ్డుకు వెళ్ళి చాలాకాలమైంది. తలుపు తోయగానే ఆ మోత ఒంటిని గుద్దింది. మగ్గాలన్నీ ఒకేసారి తడాఖా చూపిస్తున్నాయి. నేల అదురుతోంది. గాలిలో దూది నుసి. కిటికీ పక్కన నాడె తన మగ్గాల మధ్య నిలబడి ఉన్నాడు.

నిలబడి, మాట్లాడుతున్నాడు. చేతులతో, కనుబొమలతో, పెదాలు సాగదీసి గొంతు లేకుండా. షెడ్డులో ఎప్పుడూ అంతే. మాట వినపడే ఆశ లేదు కాబట్టి అందరూ సైగలతోనే బతుకుతారు. పొట్ట ముందు గుండ్రంగా చెయ్యి తిప్పితే యజమాని వస్తున్నాడని. రెండు వేళ్ళతో పెదవి తడితే టీ అని. నాడె ఆ మూలన ఉన్న నేతగాడికి యజమాని పొట్ట గురించి ఏదో కథ చెబుతున్నాడు. పొట్ట తలుపులో ఇరుక్కుంది, ఇద్దరు లాగుతున్నారు, చొక్కా గుండీ ఎగిరి ఒకడి కంట్లో పడింది. అంతా చేతుల్లోనే. ఆ వరసలో ఉన్నవాళ్ళంతా మగ్గాల మీదకు వంగి వంగి నవ్వుతున్నారు. నాడె ఎవరి మొహమూ చూసి నవ్వడంలేదు. వీడు చెబితే వాళ్ళు నవ్వుతున్నారు.

మేస్త్రీ గుమ్మంలోనే ఆగిపోయాడు. కొన్ని నెలలుగా తను వెతుకుతున్న మనిషి ఇక్కడే ఉన్నాడు, చెక్కు చెదరకుండా. ఇంత మోతలో ఎవడికీ ఏమీ వినపడదు, అందరూ వీడితో సమానమే. చీమ నడిస్తే వినపడే చోట మాత్రం వీడొక్కడే చెవిటివాడు. వీణ్ణి తీసుకెళ్ళి ఆ తెల్లబట్టల మెల్లమాటల మధ్య కూర్చోబెడదామనుకున్నాను చూడు, నా బుర్రకి నూనె పెట్టాలి అనుకున్నాడు.

నాడె చూశాడు. మొహం బిగించుకుని మగ్గం వైపు తిరిగాడు. మేస్త్రీ వెళ్ళి మగ్గానికి అవతల నిలబడ్డాడు. చేతులెత్తాడు. ముందు కాస్త తడబడ్డాడు గాని చేతులు మర్చిపోలేదు.

రిసార్టుకి సైగ ఎక్కడిది? రెండు చేతులతో అలలు వేసి, మంచం మీద పడుకున్నట్టు తల వాల్చి, చేతికి పట్టీ కట్టినట్టు చూపించాడు. నాడె ఓరకంట చూసి, "పెళ్ళా?" అన్నట్టు తాళి కట్టే సైగ చేశాడు. కాదురా వెధవా అని తల కొట్టుకున్నాడు మేస్త్రీ. అప్పుడు నురగ చూపించాడు. ఒళ్ళంతా నురగ రాసుకుంటూ, నొప్పి మోకాళ్ళతో, ఆ అదిరే నేల మీద నిజంగానే గెంతాడు. షెడ్డు సగం పని ఆపి చూసింది.

నాడె మొహంలో బిగువు ముందు పెదాల దగ్గర సడలింది, తరవాత కళ్ళలో. అదేనా? అని వేలు తిప్పాడు. అదే, అని తల ఊపాడు మేస్త్రీ. నీ నడుము? అన్నాడు నాడె. విరిగితే నువ్వే మోయాలి, అన్నాడు మేస్త్రీ. నిన్ను మోసేదేంటి, సముద్రంలో తోసేస్తా, చేపలకి కూడా అన్నీ కలిపిన భోజనం, అన్నాడు నాడె. ఆ మాట చేతులతో చెప్పడానికి వాడికి బోలెడు సేపు పట్టింది, చేపల నోళ్ళు కూడా చూపించాడు మరి. ఎన్నాళ్ళకో వాడి నోటి తిట్టు తిన్నాడు మేస్త్రీ, అదీ చేతులతో. కడుపు నిండింది.

ఇంకో విషయం మిగిలింది. ఒక గదా రెండు గదులా అని వేళ్ళు చూపించాడు మేస్త్రీ. నిద్రపోతే తన గురకకి వీధి కుక్కలు కూడా ఊరుకోవని, ముక్కు మీద చెయ్యి పెట్టి గుండెలు ఎగరేసి చూపించాడు.

నాడె చుట్టూ చూశాడు. అందరూ మళ్ళీ పనిలో పడ్డారు, ఎవరూ ఇటు చూడటంలేదు. తన చెవి మీద వేలు పెట్టుకుని, రెండు అరచేతులూ తిరగేసి కిందకి జార్చాడు. మగ్గం ఆగిపోయింది, మేస్త్రీ కావాలి, అని నేతగాళ్ళు చేసే సైగ అది. చేసి, మేస్త్రీ కళ్ళలోకి చూశాడు. తరవాత ఒక్క వేలు ఎత్తి చూపించాడు. ఒక గది చాలు, నీ గురక నాకెక్కడ వినిపిస్తుంది?

వాడి పెదాలు నవ్వుతున్నాయి. మేస్త్రీ కూడా నవ్వాడు గాని, దూది నుసి కంట్లో పడ్డట్టు పైపంచెతో కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. వాడి మెడ మీద ఒక్కటి వేసి బయటికి నడిచాడు.

షెడ్డు గోడ అవతలకి వచ్చి ట్రావెల్స్ అమ్మాయికి ఫోన్ చేశాడు.

"అంకుల్, ప్రశాంతంగా ఉండేదానిలో గది మీకోసం ఆపి ఉంచాను, ఖాయం చేసేయనా?"

"వద్దమ్మా. ఆ నురగది కావాలి. ఒక గది, రెండు మంచాలు. స్పీకర్లకి దగ్గరగా ఉంటే ఇంకా మంచిది."

"అంకుల్, నిజంగానా? అక్కడ మీరిద్దరూ ఒక్క మాట కూడా మాట్లాడుకోలేరు."

"నువ్వు గది రాసెయ్యి తల్లీ," అన్నాడు మేస్త్రీ. "మాటల సంగతి మేం చూసుకుంటాం."