పలుకని పెట్టె

వర్షావసానమున నిర్మలమైన గగనమండలము తోమి బోర్లించిన రాగిబిందెవలె సంధ్యారుణకాంతులతో మెఱయుచుండగా పండుచున్న వరిచేల మీదుగా వచ్చు చల్లగాలి బొబ్బిలిపురమునందలి వీణాకారుల వీధిలో పనసకొయ్య రంపపుపొట్టు సువాసనను ఇంటింటికిని పంచుచుండెను. ఆ వీధిలో తల నెఱయువఱకు వీణలు తొలిచి వన్నెకెక్కిన అప్పలాచారి యానాడు ఉలి పట్టినది వీణకొఱకు గాదు. పాటల యంత్రమునకు తగిలించు స్పీకరులకు పెట్టెలను స్వహస్తములతో నిర్మింపవలెనని అతని సంకల్పము. ఆ పనియందు అతడు శుద్ధ అక్షరాభ్యాసపు బాలుడు.

దానికి కారణము భార్యయైన పైడమ్మ. పూర్వము పెండ్లిపందిళ్ళయందు మంగళహారతులు పాడి యెల్లరను సమ్మోహింపజేసిన యా సుకంఠి కంఠవ్యాధికి శస్త్రచికిత్స జరిగినది మొదలు గుసగుసతప్ప వేఱు ధ్వని లేనిదై యుండెను. ఒకానొక పెండ్లిలో పాడిన హారతిమాత్రము క్యాసెట్టునందు మిగిలెను గాని యింటనున్న చిన్న యంత్రమున అది దోమరొదవలె వినబడుచుండెను. తన గొంతుక యెట్లుండెడిదో తానే మఱచిపోవుచున్నానని ఆమె భయము. ఆ భయమును పోగొట్టుటకంటె అప్పలాచారికి మఱియొక కోరిక లేదు.

అతడు దాచియుంచిన పనసపలకలలో వ్రేలితో కొట్టినంతనే ఖంగున మ్రోగు మేలైనవానిని ఏఱి వీణకు నాదమిచ్చు కుండను తొలుచు నేర్పుతో పలుచగా చిత్రికపట్టి పెట్టెలుగా నతికి లతలు చెక్కి లక్కపూసి స్పీకరులను బిగించి తీగలు కలిపి హారతిని మ్రోయించెను. గంభీరనాదము ఇల్లంతయు నిండెను. పైడమ్మ కొంతసేపు విని తల యడ్డముగా నూపెను.

"నేను పాడినట్టు లేదండీ. మీ వీణ పాడుతున్నట్టుంది."

ఆ మాట అతనికి ములుకువలె నాటెను. అలిగి అరుగెక్కి కూర్చుండి కోపము చల్లారిన పిదప వచ్చి హారతిని తిరిగి మ్రోయించి పెట్టెపై అరచేయి నుంచి చూడగా హారతిలోని ప్రతి స్వరమునకును పలక తనంత తాను వణకుచుండెను. ఆమె గొంతుకకు అతని కొయ్య అడుగడుగున వంతపాడుచుండెను. కొయ్యచేత పలికించుటయే విద్యయని నమ్మినవానికి కొయ్య నోరు మూయించుట యనునది యొకటి కలదని తోచకపోవుట వింతగాదు. పూర్వము ఇంటికి వచ్చిన అతిథులు ఆమెను పాడుమని కోరినప్పుడెల్ల తన క్రొత్తవీణను ముందుంచిన సంగతియు జ్ఞప్తికి వచ్చి అతడు మిక్కిలి సిగ్గుపడెను.

మఱునాడు లక్కపూల పెట్టెలను అటకనెక్కించి అప్పలాచారి కలపయంగడికి బోయి పలకలను కొట్టి చూచి మ్రోగినదానిని త్రోసివేసి మ్రోగనిదానిని చంకబెట్టుకొనుచుండగా వర్తకుడు నవ్వెను.

"ఆచారిగారికి చెముడు గాని వచ్చిందేటి?"

అతడు ఆ దళసరి పలకలను ఇంటికి తెచ్చి యతికి లోపల అడ్డుకఱ్ఱలు బిగించి పాతపరుపులోని దూదిని కూరి కొట్టి చూడగా పెట్టె మట్టిగోడవలె మొద్దుగా నుండెను. లతలు లేవు. లక్క లేదు. అది తన చేతిపనియని చెప్పుకొనుటకు అతని మనస్సు కొంత నొచ్చుకొనెను.

స్పీకరులను ఈ పెట్టెలలో బిగింపగా మరల హారతి మ్రోగెను. ఈ పర్యాయము ఇల్లు నిండలేదు గాని రెండు పెట్టెల నడుమ నెవరో యువతి నిలిచి ఊపిరి పీల్చి పాట నెత్తుకొన్నట్లు తోచెను. పైడమ్మ ఉలికిపడి నోటికి కొంగడ్డము పెట్టుకొనెను. రెండవ చరణమువేళకు ఆమె పెదవులు ధ్వని లేకయే ఆ పాటతోడ కదలుచుండెను.

"ఇదిగో, ఇక్కడే నాకు దగ్గొచ్చిందండీ. ఆపుకున్నాను."

అప్పలాచారి ఆమె ప్రక్కన చతికిలబడి కన్నులు చెమర్చగా వినుచుండెను. అలవాటుచొప్పున చేయి పెట్టెమీదికి పోయెను. పెట్టె వణకలేదు. ఒకరి గొంతుక వినబడవలెననిన ప్రక్కనున్నవారు ఊరకుండవలెనను పాఠమును ఆ మొద్దుపలక అతనికంటె ముందుగనే నేర్చియుండెను.